ఎవరి కథ వాళ్లదే

మన పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర ఒక ప్రశ్న ఉంటుంది. మీకు ఇలాంటి అనుభవం ఎప్పుడైనా కలిగిందా, రాయండి అని. మాటలు కొంచెం అటూ ఇటూ మారినా అడిగేది అదే. శిక్షణ తరగతుల్లోనూ మాకు ఇదే చెప్తారు. పాఠాన్ని పిల్లల జీవితంతో ముడిపెట్టండి, అప్పుడే చదువు ఒంటబడుతుంది అంటారు. మంచి మాటే. డైట్‌లో చదువుకున్న రోజుల నుంచీ మేము నమ్ముతున్న మాట. దండారి గురించో, కేస్లాపూర్ జాతర గురించో, తొలకరి గురించో పాఠం వచ్చినప్పుడు ఈ ప్రశ్న అడిగి చూడండి. తరగతిలో ఎవరూ కుదురుగా కూర్చోరు. అందరికీ చెప్పాలనే ఉంటుంది.

అదే పాఠం ఆకలి గురించి అయినప్పుడు, ఇల్లు విడిచి దూరంగా హాస్టల్లో పడుకున్న పిల్లవాడి గురించి అయినప్పుడు ఆ ప్రశ్న అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. నలభై మంది ముందు ఆరో తరగతి పిల్లను లేపి 'నీకు ఇలా జరిగిందా' అని అడిగే హక్కు మనకు ఎవరిచ్చారు? పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల కోసం రాసిన నవలల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా పెద్దది. ఎందుకంటే ఆ నవలలు పట్టుకునేవే అలాంటి సంగతులు. యుద్ధం, వలస, వర్ణ వివక్ష, పోలీసు తూటా, ఇంట్లో హింస, భాష పోగొట్టుకోవడం. ఇలాంటి నవలను బయటి లోకంలో జరిగిన సంఘటనతో ముడిపెట్టి చదివించాలని అందరూ చెప్తున్నారు. ఎంతవరకు ముడిపెట్టాలి, ఎవరు ముడిపెట్టాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ఒక నవలనే పట్టుకుని మాట్లాడతాం. దాని పేరు 'ది మ్యారో థీవ్స్'. మన మాటల్లో చెప్పాలంటే మూలుగ దొంగలు. కెనడాకు చెందిన మేటీ రచయిత్రి షెరీ డిమలైన్ రాశారు. మేటీలు అంటే అక్కడి ఆదివాసీ జాతుల్లో ఒకరు. 2017లో వచ్చింది. ఆ ఏడాదే పిల్లల సాహిత్యానికి ఇచ్చే గవర్నర్ జనరల్ అవార్డు పొందింది. ఇంగ్లీషులో చదివి, తొమ్మిదో తరగతి పిల్లలకు స్టడీ అవర్ అయ్యాక కొంచెం కొంచెంగా మా మాటల్లో చెప్పాం. సగం తెలుగు, సగం గోండి.

కథ భవిష్యత్తులో జరుగుతుంది. భూమి వేడెక్కి, నీళ్లు పాడై, నగరాలు కూలిపోయాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఏమిటంటే జనం కలలు కనడం మానేశారు. కల రాని మనిషికి మతి చెడుతుంది. ఆదివాసులకు మాత్రం ఇంకా కలలు వస్తున్నాయి. ఆ కలలు వాళ్ల ఎముకల మూలుగలో ఉన్నాయని ప్రభుత్వం కనిపెట్టింది. ఇంకేముంది, వేట మొదలైంది. పట్టుకున్న వాళ్లను 'పాఠశాలలు' అనే చోట్లకు తీసుకుపోయి మూలుగ తోడేస్తున్నారు. ఫ్రెంచీ అనే కుర్రవాడు తప్పించుకుని ఉత్తరం వైపు అడవిలోకి పరుగెడతాడు. అక్కడ మీగ్వాన్స్ అనే పెద్దాయన, మినర్వా అనే ముసలవ్వ, ఇంకొందరు పిల్లలు అతనికి కుటుంబం అవుతారు.

ఆ వేట చోట్లకు రచయిత్రి 'పాఠశాలలు' అని పేరు పెట్టడం మా పిల్లలకు మొదట అర్థం కాలేదు. బడి అంటే మంచి చోటు కదా సార్ అన్నారు. అక్కడ ఆపి, నిజంగా జరిగింది చెప్పాల్సి వచ్చింది.

కెనడాలో పంతొమ్మిదో శతాబ్దంలో మొదలై 1990ల చివరిదాకా ఆదివాసీ పిల్లల కోసం రెసిడెన్షియల్ పాఠశాలలు నడిచాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపింది ఎక్కువగా చర్చిలు. 1920లో చట్టం మార్చి పిల్లల్ని పంపడం తప్పనిసరి చేశారు. ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్, మేటీ పిల్లలు కలిపి సుమారు 1,50,000 మంది ఆ బడుల్లో గడిపారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. పిల్లలోని ఆదివాసిని తీసేయడమే ఆ చదువు ఉద్దేశం అని ఆనాటి అధికారులు దాచుకోకుండా చెప్పారు. అక్కడ చనిపోయిన పిల్లలు, ఇప్పటిదాకా పత్రాల్లో దొరికిన లెక్క ప్రకారమే 4,000కు పైన. పీటర్ బ్రైస్ అనే వైద్యాధికారి 1907లోనే క్షయతో పిల్లలు రాలిపోతున్నారని నివేదిక ఇచ్చాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఉద్యోగం పోయాక 1922లో ఆయనే ఒక చిన్న పుస్తకం అచ్చు వేసుకుని, ఇది దేశం చేసిన నేరం అని చెప్పాల్సి వచ్చింది.

ఇంకో సంగతి ఉంది. మూలుగ తోడడం అనేది కేవలం కల్పన అనుకున్న పిల్లలు ఇది విన్నాక మాట్లాడలేదు. 1948 నుంచి 1952 వరకు ఆరు రెసిడెన్షియల్ పాఠశాలల్లో సుమారు వెయ్యి మంది పిల్లల మీద ఆహార ప్రయోగాలు జరిగాయి. పిల్లలకు తిండి చాలడం లేదని తెలుసు. తెలిసి కూడా తిండి పెంచలేదు. ఏ విటమిన్ ఇస్తే ఏమవుతుంది, ఇవ్వకపోతే ఏమవుతుంది అని కొలుచుకున్నారు. తల్లిదండ్రుల్ని అడగలేదు. ఇయాన్ మోస్బీ అనే చరిత్రకారుడు పాత కాగితాలు తవ్వి 2013లో దీన్ని బయటపెట్టాడు. పిల్లల ఒంటిని వేరేవాళ్ల అవసరానికి వాడుకోవడం డిమలైన్ గాల్లోంచి తెచ్చిన ఊహ కాదు. జరిగినదాన్ని ఆమె భవిష్యత్తులోకి జరిపింది, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ముడిపెట్టేటప్పుడు వాస్తవం సరిగ్గా ఉండాలి. 2021 మేలో కామ్‌లూప్స్ అనే చోట పాత బడి ఆవరణలో రాడార్‌తో వెతికితే 215 దాకా సమాధులు ఉండొచ్చనే గుర్తులు కనిపించాయని అక్కడి ఆదివాసీ సంఘం ప్రకటించింది. తర్వాత ఆ అంచనాను సుమారు 200గా సవరించింది. మన పేపర్లతో సహా చాలా పత్రికలు '215 మృతదేహాలు బయటపడ్డాయి' అన్నట్టు రాశాయి. తవ్వి తీసింది లేదు. ఈ తేడా చిన్నదిగా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క తప్పు పట్టుకునే, అసలు ఏమీ జరగలేదు అని వాదించేవాళ్లు అక్కడ బయల్దేరారు. పిల్లలు చనిపోయారన్నది రాడార్ మీద ఆధారపడిన సంగతి కాదు, పత్రాల్లో ఉంది, బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యాల్లో ఉంది. మన వైపు న్యాయం ఉంది కదా అని లెక్కలు వదులుగా చెప్తే నష్టపోయేది మనమే. ఉపాధ్యాయులు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

ఇదంతా చెప్పాక పిల్లలు అడిగిన ప్రశ్న మీరు ఊహించే ఉంటారు. "సార్, మరి మనది కూడా అలాంటి బడేనా?"

ఆశ్రమ పాఠశాలలో, రాత్రి ఎనిమిదిన్నరకు, పడుకోవడానికి పరుపులు దులుపుకుంటున్న పిల్లలు ఈ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి? రెండు తేలిక జవాబులు ఉన్నాయి. 'ఛ, అది వేరే దేశం, మనకు అలాంటిది లేదు, ప్రభుత్వం మీకు అన్నం పెట్టి చదివిస్తోంది' అనేది ఒకటి. అధికారులు వచ్చినప్పుడు ఈ జవాబు బాగా పనికొస్తుంది. రెండోది మన సభల్లో వినబడేది. 'అచ్చం అదే, మనల్నీ అలాగే తుడిచేస్తున్నారు' అని. చప్పట్లు పడతాయి. ఈ రెండు జవాబుల్లో ఏది చెప్పినా ఉపాధ్యాయుడికి పని తప్పుతుంది. రెండు బడుల్నీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఉండదు.

మేము పక్కపక్కన పెట్టి చూశాం. కెనడాలో పిల్లల్ని చట్టంతో, పోలీసులతో లాక్కెళ్లారు. ఇక్కడ మన అమ్మానాన్నలు సీటు కోసం ఐటీడీఏ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. హాస్టల్ మూసేస్తామంటే ధర్నా చేస్తారు. అక్కడ పిల్ల ఇంటికి వెళ్లాలంటే ఏళ్లు పట్టేది. ఇక్కడ దండారికి పిల్లల్ని ఆపగలిగే వార్డెన్ ఇంకా పుట్టలేదు. ఆనాటి కెనడాలో ఆదివాసీ ఉపాధ్యాయుడి కోసం ఎవరూ వెతకలేదు. ఇక్కడ, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. ఆ కేంద్రంలో చదివినవాళ్ల పిల్లలు, మనవలు ఈ పుస్తకం చదువుతున్నవాళ్లలోనూ ఉంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతులకు బహుభాషా విద్య మొదలుపెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. ఇవన్నీ నిజం. వీటిని దాచి 'అచ్చం అదే' అంటే కెనడా పిల్లల బాధనూ తక్కువ చేసినట్టే, మన పెద్దలు కొట్లాడి తెచ్చుకున్నదాన్నీ తక్కువ చేసినట్టే.

ఇప్పుడు రెండో వైపు. ఆ ఎనిమిది భాషల వాచకాలు ఈరోజు ఎన్ని బడుల్లో తెరుచుకుంటున్నాయో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కర్లేదు. జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒకటో తరగతిలో చేరిన పిల్లకు హాజరు పిలిచిన పేరు తనదేనని తెలియడానికి వారం పడుతుంది, ఎందుకంటే రిజిస్టరులో ఉన్నది ఇంట్లో పిలిచే పేరు కాదు. గోండి మాట్లాడితే కొట్టేవాళ్లు ఇప్పుడు తక్కువ. నవ్వేవాళ్లు ఉన్నారు. ఆరేళ్ల పిల్ల విషయంలో కొట్టడానికీ నవ్వడానికీ తేడా ఎంతో మాకైతే కొలవడం చేతకాదు. వానాకాలం వస్తే జ్వరాలు. ఏఎన్ఎం వచ్చేలోపు పిల్లవాడు ఎవరికి తన బాధ చెప్పుకోవాలి, ఏ భాషలో? బ్రైస్ నివేదిక చదివిన ఉపాధ్యాయుడు హాస్టల్లో జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టకుండా పోలేడు. ముడిపెట్టడం వల్ల వచ్చే మేలు మాకు తెలిసినంతలో ఇలాంటిదే.

కాబట్టి పిల్లలకు మేము చెప్పింది ఇది: అదీ ఇదీ ఒకటి కాదు. కానీ మీరు ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. ఎక్కడ ఒకటి కాదో, ఎక్కడ దగ్గరగా ఉందో మీరే చెప్పండి. మర్నాడు బోర్డు మీద రెండు వరుసలు గీశారు. రెండో వరుసలో, అంటే దగ్గరగా ఉన్నవాటి కింద, ఒకరు 'కటింగ్' అని రాశారు. బడి తెరిచిన మొదటి వారం అందరికీ ఒకే మిషన్‌తో తీసే కటింగ్. పేలు పడతాయని తీస్తారు, చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అయినా వాళ్లు రాశారు. మేము చెరపలేదు.

అంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అసలు చిక్కు.

ఆ నవలలో ఒక కట్టుబాటు ఉంది. అడవిలో ఆ గుంపుతో కలిసిన ప్రతి మనిషికీ ఒక 'వచ్చిన కథ' ఉంటుంది. తను ఎక్కడి నుంచి వచ్చాడో, ఎవర్ని పోగొట్టుకున్నాడో, ఎలా తప్పించుకున్నాడో చెప్పే కథ. ఆ కథ చెప్పే హక్కు ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ లేదు. పక్కన ఏళ్ల తరబడి పడుకున్నవాళ్లు కూడా అడగరు. వాబ్ అనే అమ్మాయి ముఖం మీద పెద్ద గాటు ఉంటుంది. అది ఎలా అయిందో ఆమె చెప్పాలనుకున్న రోజే అందరికీ తెలుస్తుంది. దీనికి పక్కనే ఇంకో కథ ఉంది. దాన్ని వట్టిగా 'కథ' అనే అంటారు. అది జాతి మొత్తానిది. భూమి ఎలా పోయింది, మొదటి బడులు ఎలా వచ్చాయి, ఇప్పటి వేట ఎలా మొదలైంది. నిప్పు చుట్టూ కూర్చోబెట్టి దాన్ని మీగ్వాన్స్ చెప్తాడు. అది వినడం పిల్లల హక్కు, చెప్పడం పెద్దల బాధ్యత. రీరీ అనే చిన్న పిల్లను మాత్రం కొంతకాలం ఆ కథ దగ్గరికి రానివ్వరు. ఇంత చిన్న వయసులో ఇంత భారం ఎందుకని. ఆ పిల్లకేమో వినాలని ఉంటుంది.

ఈ రెండు కథల మధ్య గీత మాకు ఎంతో ఉపయోగపడింది. జాతి కథను బడిలోకి తేవాలి, తప్పకుండా తేవాలి. పిల్ల సొంత కథను మాత్రం లాగకూడదు. పాఠం చివర ఉండే ఆ ప్రశ్న ఈ రెండింటినీ కలిపేస్తుంది. నవలలోని బాధను లోకంతో ముడిపెట్టమని చెప్పి, దగ్గర్లో దొరికిన లోకం కాబట్టి పిల్ల ఇంటి గుమ్మం దాకా వెళ్లిపోతుంది.

ఇది నవలల్లో మాత్రమే ఉండే సున్నితం అనుకోకండి. అదే 2017లో, అక్టోబరులో, కెనడా సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే ప్రశ్న మీద తీర్పు ఇచ్చింది. రెసిడెన్షియల్ బడుల్లో దెబ్బలు, లైంగిక హింస అనుభవించినవాళ్లు నష్టపరిహారం కోసం దాదాపు 38,000 మంది తమ కథలు చెప్పుకున్నారు. మూసిన తలుపుల వెనక, రహస్యంగా ఉంచుతామన్న హామీ మీద. ఆ తర్వాత ఆ కాగితాలు ఏం చేయాలన్న తగాదా వచ్చింది. ఇది దేశ చరిత్ర, కాల్చేస్తే రేపు ఎవరూ నమ్మరు, భద్రపరచాలి అని ఒక వైపు. సత్య, సయోధ్య కమిషన్ కూడా భద్రపరచాలనే కోరింది. మేము భార్యకు, పిల్లలకు కూడా చెప్పని మాటలవి, మా అనుమతి లేకుండా ఎలా దాస్తారు అని ఇంకో వైపు. 15 ఏళ్లు ఉంచాలి, ఈలోపు ఎవరు తమ కాగితం భద్రపరచమంటే వాళ్లది భద్రపరచాలి, అడగనివాళ్లవి ఆ తర్వాత నాశనం చేయాలి అన్న ఏర్పాటును కోర్టు నిలబెట్టింది. చరిత్ర కొంత పోయినా సరే, చెప్పిన మనిషి ఇష్టానికే విలువ ఇచ్చింది. చరిత్ర చదువుకున్న మిత్రులకు ఈ తీర్పు నచ్చదు. నష్టం ఉన్న మాట నిజమే. అయినా ఆ తీర్పు సరైనదని మా అభిప్రాయం.

ఎందుకో చెప్తాం. కొన్నేళ్ల కిందట ఒక కార్యక్రమంలో, చోటు పేరు అక్కర్లేదు, పిల్లలతో 'నా జీవితంలో మరచిపోలేని రోజు' రాయించారు. ఒక అమ్మాయి తన ఇంట్లో జరిగిన చావు గురించి రాసింది. చాలా బాగా రాసింది. దానికి మొదటి బహుమతి ఇచ్చి, వచ్చిన అతిథి స్వయంగా మైకులో చదివి వినిపించాడు. గొంతు గద్గదమైంది, కొందరు టీచర్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ అమ్మాయి ఊరివాళ్లు ఆరుగురు అదే బడిలో ఉన్నారు. ఎవరి తాగుడు వల్ల ఆ చావు జరిగిందో ఆ కాగితంలో ఉంది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏ వ్యాసమూ రెండు వాక్యాలు దాటి రాయలేదు. బహుమతిగా ఇచ్చిన స్టీలు డబ్బా చాలా రోజులు ట్రంకు పెట్టె మీదే ఉంది. ఆ అతిథి చెడ్డవాడు కాదు. ఆదివాసీ పిల్లల బాధ లోకానికి తెలియాలనే అనుకున్నాడు. అతనికి తెలియనిది ఒక్కటే, ఆ బాధ అతనిది కాదని.

మన రచయితలే దీనికి అడ్డు చెప్తారని మాకు తెలుసు. ఇన్నాళ్లూ మన గురించి ఎవరెవరో రాశారు. ఇప్పుడిప్పుడే మన కథ మనం రాసుకుంటున్నాం. ఈ సంకలనాల నిండా ఉన్నది మన సొంత బతుకులే. పిల్లల్ని అడగొద్దు అంటే మళ్లీ మూగగా ఉంచమనే కదా? ఈ ప్రశ్న న్యాయమైనది. కెనడా కమిషన్ ముందు ఆరు వేలకు పైగా మనుషులు వచ్చి, చాలామంది అందరి ముందే, తమ బాల్యం చెప్పుకున్నారు. చెప్పాక మనసు తేలికైందని అన్నవాళ్లు ఎందరో. చెప్పుకోవడం గొప్ప విషయం. కానీ వాళ్లు వచ్చారు, వాళ్లంతట వాళ్లు వచ్చారు. అరవై ఏళ్ల మనిషి తన ఇష్టంతో మైకు ముందుకు రావడం వేరు, మార్కుల కోసం పదమూడేళ్ల పిల్ల రాయడం వేరు. ఉపాధ్యాయుడు అడిగితే మన పిల్లలు కాదనరు. ఇష్టం లేకపోయినా రాస్తారు. ఆ విధేయతను అనుమతి అనుకోకూడదు.

మరి తరగతిలో ఏం చేయాలి అంటే, మేము చేసేది చెప్తాం. ఇంతకంటే మంచి దారి ఎవరికైనా తెలిస్తే నేర్చుకుంటాం.

నవలను అందరికీ చెందిన సంఘటనతో ముడిపెడతాం. మా ప్రాంతంలో అలాంటిది ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న సంత రోజు, సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. ఊళ్లలో చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. మినర్వా, మీగ్వాన్స్‌ల గుంపు అడవిలో నిప్పు చుట్టూ తమ చరిత్ర చెప్పుకునే భాగం వచ్చినప్పుడు మేము ఇంద్రవెల్లి చెప్తాం. లెక్క ఎందుకు రెండు రకాలుగా ఉంది, ఎవరి లెక్క కాగితం మీద ఉంటుంది, ఎవరిది నోట్లో ఉంటుంది అని పిల్లలు గంటసేపు వాదించుకుంటారు. కానీ 'మీ ఇంట్లో ఎవరైనా చనిపోయారా' అని అడగం. తరగతిలో ఇద్దరు ముగ్గురు పిల్లల తాతలు ఆ రోజు అక్కడ ఉన్నారని మాకు తెలుసు. ఆ తాతల్లో కొందరు ఏటా స్తూపం దగ్గరకు వెళ్తారు. ఒకాయన ఏ రోజూ ఆ మాట ఎత్తడు, ఆ తారీఖున చేనుకు పోతాడు. ఆయన మనవడు ఆ గంట కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా మేము పేరు పెట్టి పిలవం.

రెండోది, పిల్ల గురించి కాకుండా పాత్ర గురించి అడుగుతాం. 'నీకు ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చిందా' అనం. 'ఫ్రెంచీ చెట్టెక్కి రాత్రంతా ఒక్కడే ఉన్నప్పుడు ఏం తలుచుకుని ఉంటాడు' అంటాం. జవాబుల్లో జొన్న రొట్టె వస్తుంది, చెల్లెలు వస్తుంది, మేకపిల్ల వస్తుంది. కెనడా అడవిలో మేకపిల్ల ఎక్కడిది అని మేము దిద్దం. నవల వల్ల పిల్లలకు కలిగే పెద్ద సదుపాయం ఇదేనని మా అనుభవం. 'నేను' అని అనకుండానే తన మాట చెప్పుకోవచ్చు. ఆ పరదాను మనమే లాగేసి, 'ఇది నీ కథే కదా' అంటే, రేపటి నుంచి ఆ పిల్ల మేకపిల్లను కూడా రాయదు.

చెప్పాలనుకున్న పిల్లకు దారి మూయకూడదు, అది మూడోది. రాయాలనుకున్నది రాసి, చదవొద్దు అని పైన రాస్తే మేము చదవం. ఏ భాషలో రాసినా సరే. ఇంట్లోని హింస లాంటిది ఒక పిల్ల తనంతట తాను చెప్పిందంటే, అది ఇక సాహిత్య విషయం కాదు. ఆ పిల్లను కాపాడటానికి ఎవరెవరికి చెప్పాలో వాళ్లకు చెప్పాలి, అది చట్టం మన మీద పెట్టిన పని. తరగతిలో చర్చకు పెట్టాల్సింది కాదు.

ఇలా చేస్తే పాఠం చల్లబడిపోతుందేమో, పిల్లలు తమ జీవితానికి ముడిపెట్టుకోకుండానే వదిలేస్తారేమో అని ఒక యువ సీఆర్టీ మమ్మల్ని అడిగారు. భయం అక్కర్లేదు. అడగకపోతేనే వాళ్లు ముడిపెట్టుకుంటారు, మనం అనుకోని చోట ముడిపెట్టుకుంటారు.

నవలలో మినర్వాను పట్టుకుపోతారు. యంత్రానికి తగిలించి మూలుగలోంచి కలలు లాగబోతారు. ఆ ముసలవ్వ తన పాత భాషలో, కలలోనే, పాట ఎత్తుకుంటుంది. ఆ భాషను యంత్రం మింగలేకపోతుంది. తీగలు కాలి, బడి కాలిపోతుంది. ఈ భాగం చెప్పిన రాత్రి మేము ఏ ప్రశ్నా అడగలేదు. ఆశ్రమ పాఠశాలలో, బడి కాలిపోయిన కథ విని పిల్లలు నవ్వుతూ లేచి వెళ్తుంటే వార్డెన్ మా వైపు ఒక చూపు చూశాడు. అది వేరే సంగతి.

పొద్దున్నే నీళ్ల ట్యాంకు దగ్గర పళ్లు తోముకుంటూ పిల్లలు తగాదా పడుతున్నారు. మనకు కలలు ఏ భాషలో వస్తాయి అని. హాస్టల్లో పడుకుంటే తెలుగులో, ఇంట్లో పడుకుంటే గోండిలో అని ఒకడు అన్నాడు. అమ్మ కలలో వస్తే గోండే, సార్ వస్తే తెలుగు అని ఇంకొకడు. కలలో అసలు మాటలే ఉండవు అని మూడోవాడు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు, అమ్మానాన్న ఇటుక బట్టీల పనికి మహారాష్ట్ర పోయి అక్కడే పెరిగినవాడు, తనకు మరాఠీలో వస్తాయన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఒక పిల్ల మాత్రం నోట్లో బ్రష్ పెట్టుకుని ఏమీ అనకుండా వింటోంది. నీకు ఏ భాషలో వస్తాయే అని పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచింది. "చెప్ప" అంది.

బెల్లు కొట్టారు. అందరూ ప్రేయరుకు పరుగెత్తారు.